అనుమతి లేకుండా చదువొచ్చిన పిల్ల

రాష్ట్రంలోని పంతుళ్లకు మదింపుకూ మూల్యాంకనానికీ తేడా తెలియడం లేదన్న సంగతి విద్యాశాఖలో ఒక పెద్దమనిషికి ఉన్నట్టుండి తట్టింది. అంతవరకు బడుల్లో ఒక మోటు పద్ధతి నడిచేది. పాఠం చెప్పేవారు, వచ్చిందో లేదో అడిగి చూసేవారు, రాకపోతే మళ్లీ చెప్పేవారు. ఆ అడిగి చూడటాన్ని కొందరు మదింపు అనేవారు, కొందరు మూల్యాంకనం అనేవారు, చాలామంది ఏ పేరూ పెట్టకుండానే అడిగేవారు. పిల్లలకు చదువు వస్తూనే ఉంది గానీ ఏ పేరు కింద వస్తోందో చెప్పగలిగిన నాథుడు లేడు. ఇంతటి అరాచకాన్ని ఏ శాఖ మాత్రం ఎన్నాళ్లని సహిస్తుంది?

కాబట్టి శిక్షణ పెట్టారు. పెళ్లి ముహూర్తాలు లేని రోజులు చూసి జిల్లా కేంద్రంలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. రాయినిగుట్ట ప్రాథమిక పాఠశాల నుంచి హైమావతి టీచర్ వెళ్లింది. ఆ బడికి ఉన్నది ఆమె ఒక్కతే గనక, ఆమె అక్కడ తేడా నేర్చుకున్నన్ని రోజులూ ఇక్కడ బడికి తాళం పడింది.

పెళ్లికూతురు కూర్చునే ఎర్రకుర్చీ పక్కన నిలబడి శిక్షకుడు తేడా చెప్పాడు. పని నడుస్తుండగా చేసేది మదింపు. పని అయిపోయాక చేసేది మూల్యాంకనం. మదింపు లోపాలను వెలికితీస్తుంది. మూల్యాంకనం ఫలితాలను ధ్రువీకరిస్తుంది. ఇందులో తప్పేమీ లేదు, నిజానికి మంచి మాటే. హైమావతికి అర్థమైంది కూడా. కాకపోతే ఆమె నోరు ఊరుకోక, పని నడుస్తుండగానే పిల్లకు పూర్తిగా వచ్చేస్తే దాన్నేమంటారని అడిగింది. శిక్షకుడు తెరమీద బొమ్మలు ముందుకూ వెనక్కూ జరిపి చూసుకుని, అది తనకిచ్చిన వాటిలో లేదన్నాడు. ఈలోగా భోజనాలకు పిలుపు వచ్చింది. డబల్ కా మీఠా బాగుంది.

ఆమె ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. ఆమె మనసులో ఉన్నది నాలుగో తరగతి అఖిల.

అఖిల రెండేళ్ల కిందట బడికి వచ్చింది. అప్పటిదాకా తల్లితో ఇటుక బట్టీల వెంట తిరిగింది. బట్టీల దగ్గర పిల్లలను ఎవరూ ఏదీ అడగరు, వాళ్లకు ఏదీ చెప్పరు, కాబట్టి ఈ పిల్లకు మాట అవసరం పడినట్టు లేదు. బళ్లో మూల కూర్చుని చూసేది, అంతే. పేరడిగితే చూసేది. అన్నం పెట్టనా అంటే చూసేది. బడి ఉంది గదా, చదువుకుంటది గదా అని నాయనమ్మ బాలవ్వ కొడుకుతో, కోడలితో గొడవపడి పిల్లను తన దగ్గర ఉంచుకుంది. ఆ బడే లేకపోతే వచ్చే సీజన్‌కు పిల్ల మళ్లీ బట్టీకే పోతుంది. ఈ సంగతి హైమావతికి తెలుసు.

ఆమె ఆ పిల్లతో పడ్డ తంటాలు అన్నీ ఇన్నీ కావు. బుజ్జగించింది, పాడింది, ఒళ్లో కూర్చోబెట్టుకుంది, కోప్పడింది, తర్వాత కోప్పడ్డందుకు తనను తాను తిట్టుకుంది. ఒకరోజు మధ్యాహ్న భోజనం వండే చోట అఖిల ఉప్పు ప్యాకెట్ ఎదురుగా నిలబడి, ఎవరూ అడక్కుండానే, 'ఉప్పు' అని చదివింది. హైమావతి ఆనాడు బడి అయ్యేదాకా ఎవరినీ ఏమీ అనలేదు.

ఆ తర్వాత పిల్లను ఆపడం ఎవరి తరమూ కాలేదు. గోడల మీది ఎన్నికల రాతలు, ఎరువుల బస్తాలు, ట్రాక్టర్ల వెనక రాసుకున్న తల్లిదండ్రుల దీవెనలు, కనబడినదల్లా గట్టిగా చదివేది. ఊళ్లో ముసలివాళ్లకు ఇది మహా వీలుగా తోచింది. రాయినిగుట్ట స్టేజీ దగ్గర బస్సు దానంతటది ఆగదు, చెయ్యెత్తితేనే ఆగుతుంది. పొద్దున అటువైపు పోయేవి రెండు, ఒకటి పాలెంకోట ఆసుపత్రి మీదుగా వెళ్లేది, ఒకటి చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లేది. రెంటికీ ఒకటే రంగు. చదువురాని వాళ్లు తప్పు బస్సుకు చెయ్యెత్తి డ్రైవర్లతో తిట్లు తినేవారు. ఇప్పుడు బస్సు మలుపు తిరగ్గానే అఖిల బోర్డు చదివేసేది, ముసలివాళ్లు దర్జాగా చెయ్యెత్తేవారు.

శిక్షణ ముగిసిన నెలకు మండల విద్యాధికారి పరాంకుశంగారు మదింపు తనిఖీకి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చిన కాగితాన్ని చివరి అక్షరం దాకా నమ్మడం ఒక్కటే ఆయనలో దోషం. జీపు దిగీ దిగకముందే అఖిల ఎదురొచ్చి, జీపు మీది రాతంతా చదివింది. ఆయన లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని ఉత్తర్వు తీస్తే, ఎదురుగా నిలబడి తలకిందులుగా కనిపిస్తున్న ఆ ఉత్తర్వును కూడా చదవడం మొదలుపెట్టింది. 'ఇందుమూలంగా' దగ్గర కొంచెం తడబడింది గానీ దాటేసింది.

హైమావతి ముఖం వెలిగిపోయింది. పరాంకుశంగారి ముఖం మాత్రం వాడిపోయింది. ఈ పిల్లలో లోపాలేవి అని ఆయన అడిగారు. చదవడంలోనైతే ఏమీ లేవని హైమావతి గర్వంగానే చెప్పింది. మిగతా పిల్లలనూ చూశారు. ఒకళ్లిద్దరు తప్ప అందరూ చదివారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“మేడమ్, మదింపు యొక్క ప్రయోజనం లోపాలను వెలికితీయుట. లోపం వెలికిరాని పక్షంలో సదరు మదింపు జరగనట్టే భావించవలసి వస్తుంది. అదట్లుంచి, అభ్యసన ఫలితాన్ని ధ్రువీకరించేది మూల్యాంకనం. అది ఏప్రిల్ మాసంలో గానీ లేదు. మరి ఈ పిల్ల ఇప్పుడే, ధ్రువీకరణ లేకుండా, ఎట్ల నేర్చుకున్నది?”

తాను చెప్పానని, పిల్ల నేర్చుకుందని హైమావతి అంది. అది ఆయనకు జవాబులా అనిపించలేదు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. నిర్ణీత మూల్యాంకనమునకు పూర్వమే పాఠశాలలో 'అనధికార అభ్యసనం' చోటుచేసుకున్నదని, అందుకు బాధ్యురాలైన ఉపాధ్యాయిని వ్యక్తిగతంగా హాజరై సంజాయిషీ ఇచ్చుకోవాలని అందులో ఉంది. హైమావతి బడికి మళ్లీ తాళం వేసి మండలాఫీసుకు వెళ్లింది.

పరాంకుశంగారు కుర్చీ చూపించి, టీ తెప్పించి, దిగులుగా మాట్లాడారు. ప్రగతి అంటే లేని చోటు నుంచి ఉన్న చోటుకు రావడమట. మదింపులో రాదు, మూల్యాంకనంలో వచ్చు, ఈ రెంటి మధ్య దూరమే శాఖ సాధించిన ప్రగతి. మొదటే వచ్చేస్తే దూరం సున్నా. రాయినిగుట్ట బడి ప్రగతి మండలంలోకెల్లా అధ్వానంగా ఉంది. ప్రగతి లేని బడులను పక్క ఊరి బడిలో కలిపేయాలని పైనుంచి ఒత్తిడి ఉంది. పక్క ఊరు అంటే వాగు అవతల.

కలిపేయడం అన్న మాట వినగానే హైమావతి టీ పక్కన పెట్టేసింది. పిల్లలకు చదువు రావడం తప్పెట్ల అవుతుందని అడిగింది గానీ గొంతులో మునుపటి ధాటి లేదు.

“తప్పని నేననలేదు మేడమ్. అనుమతి లేకుండా ఇల్లు కట్టుకుంటే ఏం చేస్తాం? కూలగొడతాం, లేదంటే క్రమబద్ధీకరిస్తాం. పిల్లను కూలగొట్టలేం కదా.”

ఆ విధంగా అనధికార అభ్యసన క్రమబద్ధీకరణ పథకం పుట్టింది. పరాంకుశంగారు ఏదో మాటవరసకు అన్నది జిల్లాకు నచ్చింది, జిల్లా చెప్పింది రాజధానికి మరీ నచ్చింది. గడువుకు ముందే నేర్చేసుకున్న పిల్లలను మళ్లీ మొదటికి తెచ్చి, అక్కడి నుంచి సక్రమంగా, తేదీల ప్రకారం నేర్పించాలి. దీనికి 'పునఃప్రారంభ శిబిరం' అని పేరు పెట్టారు. జనం మరపు శిబిరం అన్నారు. జనానికి పేర్లు పెట్టడం రాదు.

మండలంలో మొదటి శిబిరం రాయినిగుట్టలోనే జరిగింది. పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి సీలు వేశారు. గోడల మీది అక్షరమాలకు సున్నం కొట్టారు. నల్లబల్లకు దుప్పటి కప్పారు. అఖిల పాత రికార్డు దృష్ట్యా ఉప్పు, పప్పు, పసుపు ప్యాకెట్లన్నిటికీ తెల్లకాగితం చుట్టారు. ఆ దెబ్బకు వంటావిడ ఒకరోజు పప్పులో ఉప్పుకు బదులు సోడాపొడి వేసింది. బయట పాఠశాల పేరు బోర్డుకు గోనెసంచి కట్టారు. ఎండన పడి పోతూ నీళ్లకు ఆగిన ఒకాయన ఇది ఏ ఆఫీసని అడిగాడు.

శిబిరానికి ముఖ్య అతిథిగా వాగు అవతలి బడి నుంచి కిష్టయ్య సారును పిలిచారు. కిష్టయ్య సారుకు ప్లాట్ల బేరాలు జాస్తి, బడికి వచ్చేది తక్కువ. ఆయన తరగతిలో ఏ పిల్లవాణ్ని ఏ ప్రశ్న అడిగినా లోపమే వెలికివచ్చేది. మదింపు అంటే అట్లా ఉండాలని ఆయనకు ఆ ఏడు జిల్లా ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం ఇచ్చారు. పూలదండ వేయించుకుని, తన విజయ రహస్యం చెప్పమంటే ఆయన కొంత సిగ్గుపడ్డాడు. తాను ప్రత్యేకించి చేసిందేమీ లేదని, అంతా సహజంగానే జరిగిందని చెప్పి, మధ్యలో ఫోన్ వస్తే సర్వే నంబరు మాట్లాడటానికి బయటికి వెళ్లాడు.

ఇంత చేసినా పిల్లలు మరిచిపోలేదు. వెధవ అక్షరాలు ఒకసారి లోపలికి పోతే తీసి పారేయడానికి ఇంకా ఏ శాఖా పద్ధతి కనిపెట్టలేదు. దుప్పటి కప్పిన బల్ల మీద ఏం రాసి ఉందో పిల్లలు చూడకుండానే చెబుతున్నారు. పరాంకుశంగారు తల పట్టుకున్నారు. రాజధాని నుంచి సంయుక్త సంచాలకులు మనోహర్‌రాజ్‌గారు స్వయంగా వస్తున్నారట. ఆయన ముందు ఈ పిల్లలు ఇట్లాగే చదివేస్తే బడిని కలిపేయడం ఖాయమని, తన చేతుల్లో ఏమీ ఉండదని చెప్పి, ఏదన్నా చూడండి మేడమ్ అని బతిమాలినట్టుగా అన్నారు.

హైమావతి చూసింది. అదే ఆమె చేసిన పని. దానికి ఆమెనే పూర్తిగా తప్పుపట్టలేం, వదిలేయనూ లేం. మరిచిపోవడం రాకపోతే మరిచిపోయినట్టు ఉండటం నేర్పిస్తే సరిపోతుందని ఆమెకు తోచింది. పిల్లలను కూర్చోబెట్టి చెప్పింది. సార్లు వచ్చి అడుగుతారు. పని నడుస్తుండగా అడిగితే తెల్వదనాలె. అయిపోయినంక అడిగితే తెలుసు అనాలె. నడుస్తుంటే మదింపు, అయిపోతే మూల్యాంకనం. ఇట్లా చెబితేనే మన బడి మన ఊళ్లో ఉంటది.

మగపిల్లలకు ఇది ఆటైపోయింది. గోళీలాడుతూ, నీకు దెబ్బ తగిలిందారా అంటే, నడుస్తుంది తెల్వదు అని కిందపడి నవ్వేవారు. అఖిల నవ్వలేదు. టీచర్ చెప్పిన ప్రతి మాటా ఆ పిల్ల ఒంటబట్టించుకునేది, అట్లాగే కదా దానికి నోరొచ్చింది. సాయంత్రం అందరూ పోయాక వచ్చి పక్కన నిలబడింది.

“నడుస్తుందో అయిపోయిందో ఎట్ల తెలుస్తది టీచర్?”

“చూస్తే తెలుస్తది బిడ్డా. తెల్వకుంటే అడుగు.”

“అడిగి చెప్పాల్నా? అడగకముందు తెల్వదనాల్నా?”

అవునంది హైమావతి. తలుపులు వేసే తొందరలో ఉంది.

మనోహర్‌రాజ్‌గారు మూడు కార్లతో వచ్చారు. వచ్చీ రాగానే ఒక చిక్కు వచ్చింది. ఈ సందర్శన మదింపా, మూల్యాంకనమా అని పరాంకుశంగారు వినయంగా విచారించారు. ఇది మూల్యాంకన విధానంపై జరిపే మదింపు అని ఆయన సెలవిచ్చారు. వెంట వచ్చిన అధికారి ఒకాయన, క్షమించాలి, మదింపు విధానంపై జరిపే మూల్యాంకనమని ఉత్తర్వులో ఉందన్నాడు. కాసేపు ఇద్దరూ చెట్టు నీడన నిలబడి, శాఖ గౌరవానికి భంగం రాకుండా గొణుక్కున్నారు. పిల్లలు ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. చివరికి రెండూ కలిపి జరుపుదామని తేల్చుకుని లోపలికి వచ్చారు.

నల్లబల్ల మీద దుప్పటి తీయించి, మనోహర్‌రాజ్‌గారు తమ స్వహస్తాలతో 'వాన వెలిసింది' అని రాశారు. ముందు వరసలో ఉన్న అఖిలను లేపి చదవమన్నారు. కెమెరావాడు ముందుకొచ్చాడు.

అఖిల బల్ల వైపు చూసింది. హైమావతికి ఆ పిల్ల పెదవులు కదలడం కనిపించింది. 'వా' దాకా వచ్చి ఆగిపోయింది. అటు తిరిగి సంయుక్త సంచాలకులవారి ముఖంలోకి చూసింది.

“ఇది నడుస్తుందా సార్, అయిపోయిందా?”

పరాంకుశంగారికి చెమటలు పట్టాయి. ఏమన్నావని మనోహర్‌రాజ్‌గారు మళ్లీ అడిగారు.

“నడుస్తుంటే మదింపు సార్, తెల్వదనాలె. అయిపోతే మూల్యాంకనం, తెలుసు అనాలె. ఇది ఏది సార్?”

ఆయన సుద్దముక్క కింద పెట్టారు. నెమ్మదిగా చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక అందరూ కొట్టారు. “భావనాత్మక స్పష్టత అంటే ఇదీ,” అన్నారు వెనక్కి తిరిగి. “ఈ ప్రశ్నను ఒక్క అధికారి నోటి వెంట వినాలని ఎన్నేళ్లుగానో ఎదురుచూశాను. ఒక ప్రాథమిక విద్యార్థిని అడిగింది. వ్యవస్థ వేళ్లూనుకున్నదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.” తన కోసం తెచ్చిన శాలువా తీసి పిల్లకు కప్పారు. అది పిల్ల పాదాల దాకా వచ్చింది. రాయినిగుట్ట బడిని రాష్ట్రానికి ఆదర్శమని అక్కడికక్కడే ప్రకటించారు. హైమావతికి ప్రశంసాపత్రం రాయమన్నారు. పరాంకుశంగారు ఆనందం పట్టలేక గోనెసంచి కట్టిన బోర్డు ముందు నిలబడి ఫొటో దిగారు.

బల్ల మీద 'వాన వెలిసింది' అట్లాగే ఉండిపోయింది. చదవమని మళ్లీ ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి హైమావతి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది. బడి నిలబడింది, పిల్ల నిలబడింది. రేపటి నుంచి బీరువా తెరిచి పుస్తకాలు తీద్దాం, పాత పద్ధతిలోనే చదువుకుందాం, ఏదో నాటకం ఆడాం, అయిపోయింది అనుకుంది.

తెల్లారి ఎప్పటిలాగే ఆమె పట్నం నుంచి వచ్చే బస్సులో స్టేజీ దగ్గర దిగింది. రోడ్డుకు అవతలి పక్క బాలవ్వ నిలబడి ఉంది, పక్కన అఖిల. బాలవ్వకు ఆరోజు పాలెంకోట ఆసుపత్రిలో కంటి ఆపరేషన్. ఏడాదికొక్కసారి పెద్ద డాక్టర్లు వచ్చి చేసే శిబిరం అది, పొద్దున్నే పోయి వరసలో కూర్చోవాలి. ముసలామె నిన్నటి శాలువా తల మీదుగా కప్పుకుంది. అటువైపు నుంచి ఒక బస్సు మలుపు తిరిగి వస్తోంది. సరిగ్గా అప్పుడే హైమావతి దిగిన బస్సు కదలకుండా అడ్డంగా నిలిచి పొగ వదులుతోంది. ఆ పొగలోంచి, ఇంజన్ రొదలోంచి బాలవ్వ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది, ఏ బస్సు బిడ్డా, చెయ్యెత్తాల్నా, చెప్పే అని.

ఈ బస్సు కదిలి తెరిపి ఇచ్చేసరికి ఆ బస్సు స్టేజీ దాటిపోయింది. బాలవ్వ చెయ్యి సగం లేచి సగంలోనే ఉంది. హైమావతి పరుగున రోడ్డు దాటింది.

“తెల్వదన్నది టీచరమ్మా,” అంది బాలవ్వ. “రోజూ చెప్పే పిల్ల. నా కండ్లకు ఎర్రగ కనబడ్డది, అంతే.” ఆమెకు కోపం కూడా రావడం లేదు. రెండోది కూడా వస్తది గదా, అది అయి ఉంటదేమో అని మలుపు వైపే చూస్తోంది.

అఖిల మాత్రం దుమ్ములో కలిసిపోతున్న బస్సు వైపు చూస్తోంది. అది పూర్తిగా కనుమరుగయ్యేదాకా ఆగి, అప్పుడు హైమావతి కొంగు పట్టి లాగింది. ముఖంలో, తప్పు లేకుండా పాఠం అప్పజెప్పబోయే పిల్లకు ఉండే వెలుగు ఉంది.

“అయిపోయింది గదా టీచర్. ఇగ చెప్పొచ్చా? అది పాలెంకోటదే. ఆసుపత్రి మీదంగ అని కూడ రాసుండె.”

హైమావతికి ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపమొచ్చింది, ఆ ఎవరో తానే అని తెలిసి సిగ్గేసింది. పిల్ల ఇంకా కొంగు వదల్లేదు.

“కరెక్టేనా టీచర్?”

“కరెక్టే బిడ్డా,” అంది హైమావతి. అంతకుమించి ఏమనాలో ఆమెకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.